తుఫానులు, టోర్నడోలు – పుట్టుక, విజృంభణ

మా కళాశాలలో ఉర్దూ చదివేవారికీ, తెలుగు చదివేవారికీ అనువాదం అవసరం లేని మాటలు కొన్ని ఉన్నవి. వాటిలో 'తుఫాను' ఒకటి. అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా తెలుగునాటికి చేరిన ఈ మాట, 'గాలివాన', 'ఉప్పెన' అనే మన పాత మాటల సరసన చేరి ఇంటిమాట అయిపోయింది. అరబ్బీలో దీనికి ప్రధానమైన అర్థం గాలి కాదు, జలప్రళయం. ఉర్దూలో 'తూఫాన్-ఎ-నూహ్' అన్నప్పుడు ఆ అర్థమే నేటికీ వినిపిస్తుంది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెనని మనవి. వ్యాసం చివర దీనితో మనకు పని ఉన్నది.

ఒకనాడు భూగోళశాస్త్ర తరగతిలో, దివిసీమ ప్రాంతం నుంచి వచ్చి మాతో చదువుకొనే మిత్రుడొకడు ఒక ప్రశ్న వేశాడు. "1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో అని పుస్తకాలలో ఉన్నది. మరి సముద్రం వచ్చి మీద పడింది మా దివిసీమ మీద. గాలి ఒక చోట, నీరు ఒక చోట – ఇది ఎట్లా జరిగింది? మా తాతగారు బ్రతికినన్నాళ్లూ ఈ మాటే అడిగేవారు." ఆ రోజు మాలో ఎవరమూ సరిగా సమాధానం చెప్పలేకపోయాము. తరువాత అధ్యాపకులను అడిగి, పుస్తకాలు తిరగవేసి తెలుసుకొన్న విషయాలను ఇక్కడ క్రమంగా వివరించే ప్రయత్నం చేస్తున్నాము.

పేర్లు వేరు, పదార్థం ఒకటే

అట్లాంటిక్ మహాసముద్రంలో 'హరికేన్' అనీ, పసిఫిక్ మహాసముద్రపు వాయవ్య భాగంలో 'టైఫూన్' అనీ, హిందూ మహాసముద్రంలో 'సైక్లోన్' అనీ పిలిచేది ఒకే దానిని. 'సైక్లోన్' అనే మాటను కల్పించినవాడు కలకత్తాలో ఉండి తుఫానులను పరిశోధించిన హెన్రీ పిడ్డింగ్‌టన్. పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి ఆయన ఈ పేరు తీశాడు. 1848లో అచ్చయిన గ్రంథంలో దానిని ప్రచారంలోకి తెచ్చాడు. 1789 డిసెంబరులో మన గోదావరి ముఖద్వారం చెంత కోరంగి రేవును ముంచివేసిన ఉప్పెన కూడ ఆయన పరిశీలించిన ఉపద్రవాలలో ఒకటి. ఈనాడు ప్రపంచమంతా వాడుకొనే శాస్త్ర పదం వెనుక మన తీరపు విషాదం కూడ ఉన్నదన్నమాట.

టోర్నడో మాత్రం వేరు జాతి. చూపుకు ఇదీ సుడిగాలియే, కాని దాని తల్లి వేరు, పెరిగే ఇల్లు వేరు. మొదట తుఫానును గురించి తెలుసుకొని, తరువాత దాని వద్దకు వెళ్దాము.

సముద్రమే ఇంధనం

తుఫాను ఒక మహాయంత్రం. దాని ఇంధనం వెచ్చని సముద్రజలం. సముద్రపు పైపొర ఉష్ణోగ్రత సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి ఉండవలె. పైన పలుచగా వేడెక్కితే చాలదు. దాదాపు 50 మీటర్ల లోతు వరకూ ఆ వెచ్చదనం ఉండవలె. లేనిచో గాలికి సముద్రం చిలికినట్లు కలగినప్పుడు అడుగున ఉన్న చల్లని నీరు పైకి వచ్చి పొయ్యి ఆరిపోతుంది.

నీరు ఆవిరి అయ్యేటప్పుడు వేడిని తనలో దాచుకొంటుంది. దీనినే గుప్తోష్ణం అంటారు. సముద్రం మీది ఉష్ణోగ్రతలో ఒక కిలోగ్రాము నీరు ఆవిరి కావలెనంటే సుమారు 580 కిలో కెలోరీల వేడి కావలె. మంచువలె చల్లగా ఉన్న ఆరు లీటర్ల నీటిని దాదాపు మరిగే స్థితికి తేగల వేడి అది. ఆవిరి పైకి లేచి, చల్లబడి, తిరిగి నీటిబొట్లుగా మారినప్పుడు దాచుకొన్న ఆ వేడినంతా గాలికి అప్పగిస్తుంది. ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు వర్షం పడితే కోటి లీటర్ల నీరు. తుఫాను వేల చదరపు కిలోమీటర్ల మీద పదుల సెంటీమీటర్లు కురిపిస్తుంది. ఇక ఆ మేఘాలలో విడుదలయ్యే వేడి ఎంతో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఈ వేడికి మేఘంలోని గాలి తేలికై ఇంకా పైకి లేస్తుంది. క్రింద సముద్రం మీద పీడనం తగ్గుతుంది. ఖాళీని నింపడానికి చుట్టుప్రక్కల గాలి పరుగెత్తుకొని వస్తుంది. వచ్చేటప్పుడు సముద్రం మీది తేమను వెంట తెస్తుంది. ఆ తేమ మళ్లీ పైకి లేచి వేడినిస్తుంది. గాలి పెరిగినకొద్దీ ఆవిరి ఎక్కువ, ఆవిరి పెరిగినకొద్దీ వేడి ఎక్కువ, వేడి పెరిగినకొద్దీ పీడనం తక్కువ, పీడనం తగ్గినకొద్దీ గాలి మరింత ఎక్కువ. కొలిమి మంట తన తిత్తిని తానే ఊదుకొంటున్నట్లు ఉంటుంది ఈ వ్యవహారం. తుఫాను బలం పుంజుకొనే రహస్యమంతా ఈ చక్రంలోనే ఉన్నది.

గాలి సుడి తిరుగుట ఎందువలన?

నాలుగు వైపుల నుంచి వచ్చిన గాలి సూటిగా కేంద్రాన్ని చేరితే ఆ గుంట క్షణంలో పూడిపోయి, తుఫాను పుట్టకుండానే సమసిపోయేది. అట్లా జరగకపోవడానికి కారణం భూభ్రమణం.

భూమధ్యరేఖ మీది నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పునకు తిరుగుతున్నది. మచిలీపట్నం అక్షాంశం వద్ద ఆ వేగం సుమారు 1,600 కిలోమీటర్లు. దక్షిణం నుంచి బయలుదేరిన గాలి తన హెచ్చు వేగాన్ని వెంట తెచ్చుకొని తూర్పునకు జరుగుతుంది. ఉత్తరం నుంచి దిగే గాలి వెనుకబడి పడమరకు జరుగుతుంది. ఎటు నుంచి వచ్చినా, ఉత్తరార్ధ గోళంలో గాలి తన కుడి వైపునకే మళ్లుతుంది. దీనినే కొరియాలిస్ ప్రభావం అంటారు. కేంద్రానికి గురిపెట్టి వచ్చిన ప్రతి గాలీ గురి తప్పి, కేంద్రాన్ని తన ఎడమ చేతి వైపున ఉంచుకొని చుట్టూ తిరుగుతుంది. అందుచేతనే మన తుఫానులన్నీ గడియారపు ముల్లులకు ఎదురు దిశలో తిరుగుతాయి. దక్షిణార్ధ గోళంలో ఇది తారుమారు. భూమధ్యరేఖకు ఇరువైపులా సుమారు 5 డిగ్రీల లోపల ఈ ప్రభావం మిక్కిలి స్వల్పం కనుక అక్కడి నీరు ఎంత వెచ్చగా ఉన్నా తుఫానులు పుట్టడం బహు అరుదు.

దారానికి రాయి కట్టి గిరగిర త్రిప్పుతూ, ఆ దారం వేలికి చుట్టుకొనేట్లు చేస్తే, దారం పొట్టి అయినకొద్దీ రాయి వడి పెరగడం చిన్నతనంలో మనమందరం చూచినదే. తుఫానులోని గాలి కూడ కేంద్రానికి చేరువ అయినకొద్దీ వేగం పుంజుకొంటుంది. కాని ఒక హద్దు దాటి లోపలికి పోలేక, అక్కడే గోడ కట్టినట్లు పైకి లేస్తుంది. తుఫానులో అత్యంత భీకరమైన గాలీ, వానా ఈ గోడలోనే ఉంటాయి. గోడకు లోపల ఉన్నదే తుఫాను కన్ను. అక్కడ గాలి మెల్లగా క్రిందికి దిగుతుంది కనుక మేఘాలు పలచబడి, ఒక్కొక్కప్పుడు ఆకాశం కూడ కనబడుతుంది. ఈ ప్రశాంతత మోసకారి. తుఫాను వెలిసిందనుకొని బయటకు వచ్చిన వారిని, కొద్దిసేపటికే వెనుక గోడ వచ్చి, ఇంతకు ముందు వీచిన దిక్కుకు ఎదురు దిక్కు నుంచి కొడుతుంది.

బంగాళాఖాతపు తీరు

ఇన్ని ఉన్నా ఇంకొక షరతు ఉన్నది. సముద్రం మీది గాలికీ, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున వీచే గాలికీ వేగంలో, దిశలో పెద్ద తేడా ఉండరాదు. తేడా ఉంటే నిటారుగా లేచే మేఘస్తంభం ఒక ప్రక్కకు ఒరిగి, లోపలి వేడి చెదరిపోతుంది. మన ఋతుపవనాల నడికాలంలో క్రింద నైరుతి గాలి, పైన తూర్పు గాలి బలంగా వీస్తాయి. అందువలన జులై, ఆగస్టులలో వాయుగుండాలు ఎన్ని పుట్టినా మహా తుఫానులుగా ఎదగడం అరుదు. ఋతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలలూ, తరువాత అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ మన తీరానికి గండకాలం. 1977 నాటిది నవంబరులోనూ, 1990లో మచిలీపట్నం ప్రాంతాన్ని కొట్టినది మే నెలలోనూ, 1999 నాటి ఒడిశా మహా తుఫాను అక్టోబరులోనూ వచ్చినవి.

భారత వాతావరణ శాఖ గాలి వేగాన్ని బట్టి వీటికి అంతస్తులు ఏర్పరచింది. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరినప్పుడు అల్పపీడనం వాయుగుండం అవుతుంది. 50 వద్ద తీవ్ర వాయుగుండం, 62 వద్ద తుఫాను, 89 వద్ద తీవ్ర తుఫాను, 118 వద్ద అతి తీవ్ర తుఫాను. 221 దాటినది మహా తుఫాను, అనగా సూపర్ సైక్లోన్. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. గాలి నెట్టే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. 200 కిలోమీటర్ల గాలి 100 కిలోమీటర్ల గాలికి రెట్టింపు కాదు, నాలుగింతలు.

నేల మీదికి రాగానే తుఫానుకు ఆవిరి సరఫరా తెగిపోతుంది. చెట్లు, కొండలు, కట్టడాలు గాలిని అడ్డుకొంటాయి. ఒకటి రెండు రోజులలో అది వాన మబ్బుగా మిగిలిపోతుంది. తుఫాను ఆయువు సముద్రంలోనే ఉన్నది.

టోర్నడో: మేఘగర్భంలో సుడి

తుఫానును ఏ గాలి తేడా చంపుతుందో, టోర్నడోను ఆ తేడాయే పుట్టిస్తుంది. ప్రకృతిలోని ఈ చమత్కారం మమ్ములను మిక్కిలి ఆశ్చర్యపరచింది.

అమెరికాలోని టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్ రాష్ట్రాల మైదానాలను ఉదాహరణగా తీసుకొందాము. వసంతకాలంలో మెక్సికో సింధుశాఖ నుంచి వెచ్చని తేమగాలి నేలను అంటుకొని ఉత్తరానికి వస్తుంది. దాని మీదుగా పడమటి ఎడారుల పొడిగాలి, ఇంకా పైన చల్లని వేగవంతమైన పశ్చిమ గాలి వీస్తాయి. క్రింది గాలి మెల్లగా, పై గాలి వడిగా పోతుంటే మధ్యనున్న గాలి పొర దొర్లుతుంది. రెండు అరచేతుల మధ్య పెన్సిలు నుంచి, పై చేతిని ముందుకు జరిపితే పెన్సిలు దొర్లినట్లే. ఈ సుడి నేలకు సమాంతరంగా పడుకొని ఉంటుంది, కంటికి కనబడదు. ఇంతలో వెచ్చని తేమగాలి పెద్ద ఉరుముల మేఘంగా పైకి ఉబికినప్పుడు, పడుకొన్న ఆ సుడిని లేపి నిలబెడుతుంది. మజ్జిగ కవ్వాన్ని నేల మీది నుంచి తీసి కుండలో నిలిపినట్లు, మేఘం మొత్తం తిరగడం మొదలుపెడుతుంది. ఇట్లా తిరిగే మేఘాన్ని 'సూపర్ సెల్' అంటారు.

వానతో చల్లబడిన గాలి మేఘం వెనుక భాగం నుంచి క్రిందికి దిగి, నేల దగ్గర సుడిని చుట్టుముట్టి బిగిస్తుంది. దారానికి కట్టిన రాయి సూత్రమే మళ్లీ ఇక్కడ పనిచేస్తుంది. కిలోమీటర్ల వెడల్పున తిరిగే గాలి వందల మీటర్లకు, ఒక్కొక్కప్పుడు పదుల మీటర్లకు కుదించుకొనిపోగా, దాని వేగం ఊహకు అందనంత పెరుగుతుంది. 1999 మే 3న ఓక్లహోమాలో వచ్చిన టోర్నడోలో గాలి వేగం గంటకు సుమారు 480 కిలోమీటర్లని డాప్లర్ రాడార్ చూపినది. ఏ తుఫానుకూ ఇంత గాలి లేదు. అయితే సూపర్ సెల్ మేఘాలన్నీ టోర్నడోలను కనవు. ఏది కంటుంది, ఏది కనదు అనేది ముందుగా తేల్చిచెప్పడం నేటికీ శాస్త్రజ్ఞులకు కష్టమే.

తుఫాను వందల కిలోమీటర్ల విస్తీర్ణంతో రోజుల తరబడి బ్రతుకుతుంది. టోర్నడో చాల వరకు కొన్ని నిమిషాలు మాత్రమే ఉంటుంది. 1925 మార్చి 18న అమెరికాలో మూడు రాష్ట్రాల మీదుగా సుమారు 350 కిలోమీటర్లు ప్రయాణించి 695 మందిని బలిగొన్న టోర్నడో వంటివి అరుదు. వేసవిలో మన ఎండిన పొలాలలో ఆకులను, దుమ్మును త్రిప్పుతూ లేచే సుడిగాలి మాత్రం టోర్నడో కాదు. దానికి పైన మేఘం ఉండదు. నేల వేడికి పుట్టి, నేల మీదనే అణగిపోతుంది.

ఇది అమెరికాకు మాత్రమే పరిమితమైన ఉపద్రవమని అనుకోరాదు. బంగాళాఖాతపు తేమగాలి, పడమటి నుంచి వచ్చే పొడిగాలి కలిసే వంగదేశంలో కూడ వేసవి ఉరుముల వానల వేళ టోర్నడోలు వస్తాయి. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని మాణిక్‌గంజ్ ప్రాంతంలో ఒక్క టోర్నడో సుమారు 1,300 మందిని బలిగొన్నదని అంచనా. ప్రపంచంలో ఇంతటి ప్రాణనష్టం కలిగించిన టోర్నడో మరొకటి నమోదు కాలేదు. గాలి బలం అమెరికాలోనిదే కావచ్చు, కాని రేకుల ఇండ్లు, కిక్కిరిసిన పల్లెలు, హెచ్చరిక లేకపోవడం ఇక్కడివి. ఈనాడు టెక్సస్ నగరాలలో నివసిస్తున్న వేలాది తెలుగు కుటుంబాలకు సైరను మోగగానే కిటికీలు లేని లోపలి గదిలోకి పోవడం అలవాటయింది. వారికి దొరికే వ్యవధి సగటున పది, పదిహేను నిమిషాలు. ఆ కొద్ది నిమిషాలే ప్రాణదానం చేస్తున్నవి.

గాలి కంటె నీరు

ఇప్పుడు మా మిత్రుని ప్రశ్న వద్దకు తిరిగి వద్దాము. తుఫాను కేంద్రంలో పీడనం తగ్గినప్పుడు సముద్రమట్టం కొంత ఉబుకుతుంది. కాని ఒక మిల్లీబారు తగ్గితే ఉబికేది సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే. పీడనం 70 మిల్లీబార్లు పడిపోయినా నీరు లేచేది 70 సెంటీమీటర్లే. దివిసీమ మీద పడిన ఉప్పెన సుమారు 5 మీటర్లు. కనుక అది పీల్చిన నీరు కాదు, గాలి నెట్టిన నీరు.

మన కోస్తా మధ్యభాగం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. సముద్రం ఆగ్నేయాన ఉన్నది. ఎదురు గడియారపు దిశలో తిరిగే తుఫాను చీరాల ప్రాంతంలో తీరం దాటుతుంటే, దానికి ఎడమన, అనగా ఒంగోలు, నెల్లూరు వైపున, గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. అక్కడ నీరు వెనుకకు పోతుంది. కుడివైపున, అనగా ఈశాన్యాన ఉన్న దివిసీమ మీదికి, గాలి సముద్రం మీది నుంచి నేల వైపు వీస్తుంది. తుఫాను ముందుకు సాగే వేగం కూడ ఆ వైపు గాలికే తోడవుతుంది. లోతైన సముద్రమైతే నెట్టబడిన నీరు అడుగు నుంచి వెనుకకు జారిపోయేది. కృష్ణా ముఖద్వారం వద్ద సముద్రం లోతు తక్కువ. నీటికి వెనుకకు పోయే దారి లేదు, ముందుకు వచ్చే దారి ఒక్కటే. ఎదుట నదీపాయలు, సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తున ఉన్న పల్లపు భూమి. ఆ సాయంకాలం నీరు పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొని వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు.

తాతగారి ప్రశ్నకు సమాధానం ఇదే: తుఫాను కేంద్రం ఎక్కడ దాటినదనే దానితో పాటు, మన ఊరు దానికి ఏ చేతివైపున ఉన్నదనేది కూడ అడగవలె. వినేది ఒక్క బిందువు పేరే అయినా, ప్రమాదం ఆ బిందువుకు కుడివైపున పదుల కిలోమీటర్ల వరకూ ఉంటుంది.

తెలిసినందువలన ప్రయోజనం

1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్తాన్ తీరాన మూడు లక్షల మందికి తక్కువ కాకుండా మరణించారు. అదీ ఉప్పెనయే. 1990 మేలో 1977 నాటి దానికి తీసిపోని తుఫాను కృష్ణా తీరాన్నే కొట్టింది. ఈసారి లక్షకు పైగా ప్రజలను ముందుగానే తరలించారు. మరణాలు వేయికి లోపే. 1999లో ఒడిశాలో మళ్లీ సుమారు 10,000 మంది పోయినా, అదే ఒడిశా తీరాన 2013 అక్టోబరులో వచ్చిన ఫైలిన్ నాడు సుమారు పది లక్షల మందిని తరలించగా మరణాలు పదుల సంఖ్యలో ఆగినవి. తుఫానుల బలం తగ్గలేదు. ఉపగ్రహాలు, రాడార్లు, తీరంలోని రక్షణ భవనాలు, అన్నిటినీ మించి సమయానికి ఇల్లు విడిచి కదలిన మనుషులు ఈ తేడాకు కారణం.

2004 నుంచి మన సముద్రాల తుఫానులకు పేర్లు పెట్టడం కూడ ఇందుకే. పేరు ఉంటే హెచ్చరిక నోటి నుంచి నోటికి సులభంగా పోతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని కొట్టిన 'హుద్‌హుద్' పేరు ఒమన్ దేశం ఇచ్చినది. అది వార్త తెచ్చే పిట్టగా కథలలో పేరుపొందిన పక్షి అని ఉర్దూ చదివిన మా మిత్రులు చెప్పగానే, హెచ్చరికకు అంతకంటె తగిన పేరు ఉండదనిపించింది.

భూమి వేడెక్కుతున్న ఈ రోజులలో సముద్రాలూ వెచ్చనవుతున్నవి. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అది సుమారు 7 శాతం అధికంగా తేమను మోయగలదు. తుఫానుల సంఖ్య పెరగకపోయినా, వాటిలో మిక్కిలి తీవ్రమైన వాటి పాలు పెరుగుతుందనీ, సముద్రమట్టం పెరిగినకొద్దీ ఉప్పెన మరింత లోపలికి వస్తుందనీ శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. అలల వడిని తగ్గించే కోరంగి, కృష్ణా మడ అడవులను కాపాడుకోవడం ఇక అందానికి సంబంధించిన విషయం కాదు.

వ్యాసారంభంలో చెప్పిన మాటను ఇప్పుడు జ్ఞాపకం చేసుకొందాము. తుఫాను అంటే గాలి అని మనం అనుకొంటాము. ఆ మాటకు మూలభాషలో ఉన్న అర్థం మాత్రం నీరు అనే చెబుతున్నది. దివిసీమలో పోయిన వారిలో అత్యధికులను తీసుకొనిపోయినది కూడ నీరే. కాబట్టి రేడియోలో తుఫాను పేరు వినిపించినప్పుడు గాలి వేగాన్ని మాత్రమే అడిగి ఊరుకోకుండా, తీరం దాటే చోటుకు మన ఊరు, మన బంధువుల ఊరు ఏ వైపున ఉన్నదో చూడవలె. కుడివైపున పల్లంలో ఉన్నవారికి ఆ మాట వెంటనే చేరవేయవలె. మేము తెలుసుకొన్నది ఇంతే. ఏ భాషలో చెప్పినా సరే, అది చివరి ఇంటి వరకూ అందితే చాలును.